గుర్తించి వదిలేయవలెను

నీళ్ళాఫీసుకి ఫోను చేయడంలో ఒక కిటుకుంది. కొండవీధి మొత్తంలో అది హైమవతి ఒక్కదానికే తెలుసు. అవతల ఫోను ఎత్తగానే గబుక్కున మాట్లాడేయకూడదు. ఒక్క క్షణం ఊరుకోవాలి. తర్వాత మెల్లిగా గొంతు సవరించుకోవాలి. అంతే. కొండవీధిలో నీళ్ళు రావడం లేదన్న మాట ఆ తర్వాత చెప్పినా సరిపోతుంది.

ఈ కిటుకు ఆమెకి అందించినవాడు సాక్షాత్తూ వాళ్ళాయన చిదంబరరావే, అయితే తెలియక అందించాడు. ఆయన నీళ్ళాఫీసులో హెడ్డు గుమాస్తా. "జిల్లాకి కొత్తగా కలెక్టరమ్మ వచ్చింది చూడు, మహా మితభాషిణిట. ఫోను చేస్తే ముందు గొంతు సవరించుకుంటుందట. ఆ చప్పుడు వింటే చాలు, మా ఆఫీసులో పనిచేయని ఫ్యాను కూడా తిరుగుతుంది" అన్నాడో పొద్దున్న పెసరట్టు తుంపుకుంటూ.

హైమవతి ఇంకో పెసరట్టు వడ్డించింది. బీఏలో ఆమె తర్కశాస్త్రం చదువుకుంది. ఇన్నాళ్ళూ దాన్ని పోపులపెట్టెలో అడుగున పడేసి ఉంచింది. ఆ రోజు పైకి తీసింది.

తను కలెక్టర్నని ఆమె ఎన్నడూ చెప్పలేదు. అబద్ధం ఆడే అలవాటు లేదు. గొంతు సవరించుకోవడం నేరమని ఏ చట్టంలోనూ లేదు కదా! సవరించుకున్న సాయంత్రానికల్లా వాల్వు తిప్పే సింహాచలం సైకిలు దిగకుండానే ట్యాంకు దగ్గరికి పరిగెత్తేవాడు. కొండవీధి కుళాయిలు దగ్గి, తుమ్మి, నీళ్ళు వదిలేవి.

ఒక్కమాటలో చెప్పాలంటే, ఎవరు ఫోను చేశారో తెలియకపోవడం వల్లే ఆ ఊరికి నీళ్ళొచ్చేవి. మోగే ప్రతి ఫోనూ కలెక్టరమ్మది కావచ్చు, ఎమ్మెల్యేగారిది కావచ్చు, ఇంజనీరుగారి భార్యది కావచ్చు. అందుకని ప్రతి ఫోనూ ఎత్తేవారు.

అలాంటి ఆఫీసుకి అభివృద్ధి వచ్చిపడింది.

*

ఇంజనీరు పరాంకుశంగారు రాజధానిలో శిక్షణకి వెళ్ళి, ఒక తోలు సంచీ, ఒక బంగారురంగు పెన్నూ, ఒక ఆలోచనా పట్టుకొచ్చారు. సంచీ, పెన్నూ శిక్షణ ఇచ్చినవాళ్ళు అందరికీ పంచినవే. ఆలోచన కూడా అందరికీ పంచినదే గానీ, ఆయన దాన్ని సొంతంగా తీసుకున్నారు. ఆఫీసు ఫోన్లన్నిటినీ కంప్యూటరుకి కలిపేయాలి. ఎవరు ఫోను చేసినా, మోగడం మొదలవగానే వాళ్ళ పేరూ, ఇంటి నంబరూ, కుళాయి వివరాలూ తెర మీద ప్రత్యక్షమవ్వాలి.

ప్రారంభోత్సవానికి సిబ్బంది భార్యల్ని కూడా పిలిచారు. కంప్యూటరుకి హారతివ్వడానికి ముత్తయిదువలు కావాలి కదా. హైమవతి పళ్ళెం పట్టుకుని వెళ్ళింది. తెరకి మూడు వైపులా బంతిపూల దండ వేశారు. నాలుగో వైపు వేస్తే కనపడదని మానేశారు. మీటల పలక మీద ఎవరో భక్తిపరులు పసుపు చల్లితే, కంపెనీ నుంచి వచ్చిన టై కట్టుకున్న ఇంజనీరు కళ్ళనీళ్ళు పెట్టుకుని పళ్ళు తోముకునే బ్రష్షుతో దులుపుతున్నాడు.

పరాంకుశంగారు మైకు ముందు నిలబడ్డారు. "పిలిచినవాడెవడో తెలుసుకోకుండా పలకడమన్నది అజ్ఞాన యుగపు అవశేషం! ఇకమీదట ఈ కార్యాలయం అజ్ఞాతంగా ఎవరికీ పలకదు! పౌరుడు నోరు విప్పకముందే పౌరుణ్ణి గుర్తించే తొలి కార్యాలయంగా మనం..."

ఇంతలో ఫోను మోగింది. అందరూ ఒక్కసారి తెర మీదికి వంగారు. అక్షరాలు వచ్చాయి.

"సూరమ్మ! కొండవీధి! మెస్సు కనెక్షను!" అని చిదంబరరావు పెళ్ళిలో కట్నాలు చదివినట్టు పైకి చదివాడు.

చప్పట్లు మారుమోగాయి. పరాంకుశంగారు కంపెనీ ఇంజనీరుని కౌగిలించుకున్నారు. ఎవరో లడ్డూల పళ్ళెం తెచ్చారు. ఫోను మోగుతూనే ఉంది.

హైమవతి మొగుడి పక్కకి జరిగి, "ఏవండీ, ఎత్తండి" అంది మెల్లిగా.

"ఏం?" అన్నాడు చిదంబరరావు లడ్డూ నోట్లో పెట్టుకుంటూ.

"ఫోను."

"ఎందుకే? సూరమ్మగారని తెలిసిపోయిందిగా!"

ఫోను ఇంకా కాసేపు మోగి, దానికదే సిగ్గుపడి ఊరుకుంది. అది ఊరుకున్నాక మళ్ళీ ఒకసారి చప్పట్లు కొట్టారు.

*

సూరమ్మగారు హైమవతి పక్కింటావిడ. భర్త పోయాక మెస్సు పెట్టుకుని, బ్యాంకువాళ్ళకీ, లారీ ఆఫీసువాళ్ళకీ, కాలేజీ లెక్చరర్లకీ కారియర్లు కట్టి బతుకుతోంది. ఆవిడ ముద్దపప్పుకి ఊళ్ళో మంచి పేరు. నోటికి అంతకంటే మంచి పేరు.

హైమవతి ఇంకా చెప్పులు విప్పకుండానే గోడ మీంచి కేకేసింది. "ఏమే హైమా, మీ ఆఫీసులో అందరూ ఒక్కసారే పోయారా? అంతసేపు మోగిస్తే ఎత్తేవాడే లేడు!"

"అందరూ అక్కడే ఉన్నారు పిన్నిగారూ. మీ పేరు తెర మీద పడితే చప్పట్లు కూడా కొట్టారు."

"నాకా? చప్పట్లా? ఎందుకూ?"

"మీరెవరో తెలిసినందుకు."

సూరమ్మగారు కొంగు దోపుకుంది. "ముప్ఫయ్యేళ్ళుగా ఇదే వీధిలో ఉంటే తెలియలేదటా? సరే, నేనెవరో తెలిసింది. నీళ్ళు ఎప్పుడొస్తాయో అది చెప్పమను."

పొద్దుటి నుంచీ కుళాయిలో గాలి తప్ప ఇంకేమీ రావడం లేదు. గంగాళంలో ఉన్న నీళ్ళతో ఆ పూట వంట గడిచింది. మర్నాడు కింది వీధి బోరింగు నుంచి బిందెలు మోయించింది. బోరింగు నీళ్ళలో పప్పు ఉడకదు. లెక్చరర్లు పప్పు పలుకుగా ఉందని చీటీ రాసి ఖాళీ కారియర్లో పెట్టి పంపారు. లారీ ఆఫీసువాళ్ళు చీటీ రాయలేదు గానీ కారియర్లు మానేస్తామని కబురు పెట్టారు.

"ఇలాగే ఉంటే పొయ్యి ఆర్పేయడమే" అంది సూరమ్మగారు. ఆ మాట ఆవిడ తిట్టినట్టు అనలేదు. అందుకే హైమవతికి భయం వేసింది.

లోపలికెళ్ళి తన ఫోను తిప్పింది. అవతల ఎత్తగానే ఊరుకుందామనీ, గొంతు సవరించుకుందామనీ సిద్ధంగా నిలబడింది. మోగింది. మోగింది. మోగి ఆగిపోయింది. సవరించిన గొంతు వృథాగా పోయింది.

సాయంత్రం చిదంబరరావు మహా ఉత్సాహంగా వచ్చాడు. "హైమా, ఇవాళ నీ ఫోను వచ్చిందే! ఎంత స్పష్టంగా వచ్చిందనుకున్నావు! మన ఇంటిపేరుతో సహా!"

"మరి ఎత్తలేదేం?"

"అయ్యో పిచ్చిదానా, ఇంటి ఫోనని తెలిశాక కూడా ఆఫీసువేళ ఎత్తుతానా? పక్కవాళ్ళు ఏమనుకుంటారు!"

*

నీళ్ళాఫీసు పనితనం రోజురోజుకీ పెరిగిపోయింది. ఇదివరకు ఒక ఫిర్యాదు తేలాలంటే ఫోను ఎత్తాలి, వినాలి, రాసుకోవాలి, సింహాచలాన్ని వెతకాలి. ఇప్పుడు ఆ బాధ లేదు. ఫోను చేసినవాడు తెర మీద కనపడగానే పక్కన ఆకుపచ్చ రంగులో 'గుర్తించబడినది' అని పడేది. వచ్చిన ఫోన్లన్నీ గుర్తించబడ్డాయి కాబట్టి ఆఫీసు నూటికి నూరుపాళ్ళు పనిచేస్తున్నట్టు లెక్క. ఆ లెక్క రాజధానికి వెళ్ళింది. రాజధాని మురిసిపోయి, ఉత్తమ కార్యాలయంగా పరిశీలిస్తున్నామని రాసింది.

దాంతో పరాంకుశంగారు ఒక సర్క్యులర్ విడుదల చేశారు. చిదంబరరావు దాన్ని ఇంటికి తెచ్చి, హైమవతి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే గంభీరంగా చదివి వినిపించాడు.

"ఒకటో శ్రేణి: పై అధికారులు, ప్రజాప్రతినిధులు, ఇంజనీరు వారి నివాసము. లేచి నిలబడి ఎత్తవలెను. రెండో శ్రేణి: కాంట్రాక్టర్లు. కూర్చుండి ఎత్తవచ్చును. మూడో శ్రేణి: పౌరులు. గుర్తించి వదిలేయవలెను."

"సిబ్బంది ఇళ్ళు?"

"నాలుగో శ్రేణి. ఎట్టి పరిస్థితులలోనూ ఎత్తరాదు."

"గుర్తించనైనా గుర్తిస్తారా?"

"దాని గురించి సర్క్యులర్ ఏమీ చెప్పడం లేదు" అన్నాడు చిదంబరరావు కాగితం వెనక్కి తిప్పి చూసి. "అయినా అసలు గొప్పతనం ఇంకా చెప్పలేదు నీకు. ఒకటో శ్రేణి ఫోను వస్తే చాలు, ఫిర్యాదు చీటీ దానంతటదే అచ్చయిపోతుంది! ఫలానా ఇల్లు, సమస్య: నీళ్ళు లేవు అని. ఆ చీటీ సింహాచలానికిస్తే, వాడు ఆ ఇంటి లైనుకి వాల్వు ఒక చుట్టు ఎక్కువ తిప్పుతాడు."

"సమస్య నీళ్ళు లేకపోవడమేనని దానికెలా తెలుస్తుంది? వాళ్ళు చెప్పొద్దూ?"

"నీళ్ళాఫీసుకి ఇంకెందుకు చేస్తారే ఫోను!"

తర్కశాస్త్రం చదివిన మనిషి కాబట్టి హైమవతి దీనికి ఎదురు చెప్పలేకపోయింది. కానీ ఒక చిక్కుడుకాయని చేతిలోనే ఉంచుకుని చాలాసేపు ఆలోచించింది. ఒకటో శ్రేణిలో మూడో పేరు దగ్గర ఆమె మనసు ఆగిపోయింది. ఇంజనీరు వారి నివాసము.

*

ఇంజనీరు వారి నివాసం కొండవీధి మొదట్లోనే, పల్లంలో ఉంది. అక్కడి నుంచి వీధి మిట్టెక్కుతుంది. పరాంకుశంగారి భార్య మణిమాల మంచి మనిషి. క్రోటన్ మొక్కలు, గులాబీలు పెంచుకుంటూ, మాట్లాడేవాళ్ళు లేక వాటితోనే మాట్లాడుతూ ఉంటుంది. హైమవతీ, సూరమ్మగారూ చెరో గిన్నె పట్టుకుని మజ్జిగ తోడు కోసం వెళితే ఆవిడ సంతోషించి కాఫీ కూడా పెట్టింది.

"వదినగారూ, ఒక్క ఫోను చేసుకుంటాం. నీళ్ళాఫీసుకి" అంది హైమవతి.

"చేసుకోండమ్మా, ఫోనేమన్నా అరిగిపోతుందా? నేను చేస్తే మాత్రం సగం మోగకుండానే ఎత్తుతారు. నిలబడి మాట్లాడుతున్నట్టు గొంతులోనే తెలిసిపోతుంది, పాపం."

సూరమ్మగారు ఫోను అందుకుంది. నిజంగానే సగం మోగకుండానే ఎత్తారు.

"నమస్కారం మేడమ్! చెప్పండి మేడమ్!"

"ఒరే నాయనా, నేను మేడమ్‌ని కాదురా. మెస్సు సూరమ్మని."

"చిత్తం మేడమ్. తమరు ఎవరంటే వారే మేడమ్."

"కొండవీధి మిట్ట మీద చుక్క నీళ్ళు లేవురా. పప్పుడకటం లేదు."

"ఎంతమాట మేడమ్! ఇప్పుడే తిప్పిస్తాం మేడమ్! మేడమ్ గారికి జలుబు చేసినట్టుంది, మిరియాల కషాయం పుచ్చుకోండి మేడమ్."

సూరమ్మగారు ఫోను పెట్టేసి, "వీడెవడో నన్ను చచ్చినా నేననుకోడు" అంది.

అవతల ప్రింటరు గీకింది, చీటీ వచ్చింది. ఇంజనీరు వారి నివాసము; సమస్య: నీళ్ళు లేవు. సింహాచలం వెళ్ళి పల్లపు లైను వాల్వు ఒక చుట్టు ఎక్కువ తిప్పాడు. మణిమాలగారి గులాబీలు ఆ సాయంత్రం ఒళ్ళంతా స్నానం చేశాయి. మిట్ట మీద సూరమ్మగారి కుళాయిలో ఇదివరకు కనీసం గాలైనా వచ్చేది. ఇప్పుడు అదీ ఆగిపోయింది.

ఇది గట్టిగా చెప్పకపోవడం వల్లే జరిగిందనుకుని మర్నాడు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు మజ్జిగ తోడుకి వెళ్ళారు. ఆ మర్నాడు వీధి వీధంతా వెళ్ళింది. కొండవీధిలో అంత పెరుగు ఎన్నడూ తోడుకోలేదు. వెళ్ళినవాళ్ళందరూ ఫోను చేశారు. అందరికీ అవతలివాళ్ళు లేచి నిలబడి పలికారు. ప్రతి ఫోనుకీ ఒక చీటీ, ప్రతి చీటీకీ వాల్వు ఒక చుట్టు.

చిదంబరరావు ఇంటికొచ్చి కంటతడి పెట్టుకున్నంత పని చేశాడు. "పాపం, ఇంజనీరుగారింట్లో ఎంత నీటి కరువో! ఆ మహాతల్లి ఒక్కోసారి ఒక్కో గొంతుతో మొరపెట్టుకుంటోంది. ఓసారి ముసలిదానిలా, ఓసారి పసిపిల్లలా. దాహంతో గొంతు మారిపోతుంది కాబోలు."

హైమవతికి అప్పుడు విషయం అర్థమైంది. గిన్నె కడిగి బోర్లించి, వీధిలో అందరికీ ఇక తోడుకి వెళ్ళవద్దని చెప్పొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది.

*

మర్నాడు పొద్దున్న ఆఫీసులు తెరిచే వేళకి ఎవరో తలుపు బాదారు. హైమవతి తీసి చూసేసరికి గుమ్మంలో పరాంకుశంగారు. నడుందాకా తడిసిన లుంగీ, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు.

"చిదంబరరావు లేడా అమ్మా?"

"ఆఫీసుకి వెళ్ళారండీ. మీరొచ్చేలోపు సీట్లో ఉండాలని పెందరాళే వెళతారు."

"మా ఇంట్లో..." అని ఆయన ఊపిరి పీల్చుకున్నారు. "హాల్లో సోఫా తేలుతోందమ్మా! వంటగదిలో గ్యాసుబండ నడుస్తోంది! కుళాయి కట్టేస్తే గోడలోంచి వస్తోంది!"

"ఆఫీసుకి ఫోను చేయలేకపోయారా?"

"చేశాను! నీళ్ళు ఆపండయ్యా అని అరిచాను! మీ ఆయనే ఎత్తాడు. చిత్తం సార్ అన్నాడు. ఆ తర్వాత ఇంకా ఎక్కువొచ్చాయి!"

దాని వెనక కథ హైమవతికి సాయంత్రం తెలిసింది. ఒకటో శ్రేణి ఫోను కాబట్టి యథాప్రకారం 'నీళ్ళు లేవు' అని చీటీ అచ్చయింది. అధికారి గొంతేమో ఆపమంటోంది, చీటీయేమో లేవంటోంది. చిదంబరరావు ధర్మసంకటంలో పడి సర్క్యులర్ తీసి చూసుకున్నాడు. అందులో పరాంకుశంగారే రాశారు: 'గొంతు మోసగించవచ్చును. తెర మోసగించదు. సిబ్బంది నిబద్ధతను అధికారులు అప్పుడప్పుడు పరీక్షించెదరు.' ఇదే ఆ పరీక్ష అనుకుని, నెగ్గాలన్న పట్టుదలతో ఆయన సింహాచలాన్ని రెండు చుట్లు తిప్పమన్నాడు.

"రెండోసారి చేద్దామంటే ఫోను నీళ్ళలో మునిగిపోయింది. జీపు పిల్లల్ని బడిలో దింపడానికి వెళ్ళింది. నడిచి వెళదామంటే ఊరికి ఆ చివర కదమ్మా ఆఫీసు!" ఆయన కళ్ళు హాల్లో మూలనున్న ఫోను మీద పడ్డాయి. "ఒక్క ఫోను చేసుకుంటానమ్మా."

"తప్పకుండా చేసుకోండి" అంది హైమవతి. కుర్చీ కూడా వేసింది. ఆయనకది అవసరమవుతుందని ఆమెకి తెలుసు.

ఆయన నంబరు తిప్పారు. మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోయింది. మళ్ళీ తిప్పారు.

"ఎవరూ ఎత్తరేమిటి? అందరూ ఏం చేస్తున్నారు?"

"గుర్తిస్తున్నారండీ."

"ఏమిటీ?"

"ఇది నాలుగో శ్రేణి ఫోను కదండీ. సిబ్బంది ఇల్లు. ఎట్టి పరిస్థితులలోనూ ఎత్తరు. మావారు సర్క్యులర్ అంటే ప్రాణం పెడతారు."

పరాంకుశంగారు రిసీవరు చెవికి అలాగే ఉంచుకుని కూర్చుండిపోయారు. లుంగీలోంచి నీళ్ళు గచ్చు మీద చిన్న కాలవ కట్టాయి. చప్పుడు విని సూరమ్మగారు దొడ్డిదారిన వచ్చింది.

"అమ్మా, మీ ఇంట్లో ఫోనుందా?" అన్నారాయన ఆశగా.

"ఉంది నాయనా. మూడో శ్రేణిది. నన్ను గుర్తించి వదిలేస్తారు. మొదటిసారి చప్పట్లు కూడా కొట్టారట."

ఆయన ఇంకోసారి నంబరు తిప్పి, విని, పెట్టేసి, నుదురు తుడుచుకున్నారు. "కాస్త మంచినీళ్ళిప్పించండమ్మా. నోరెండిపోతోంది."

సూరమ్మగారు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "నీళ్ళా? వీధి మొత్తం మీద నీళ్ళున్నది మీ లుంగీలో ఒక్కదాన్లోనే బాబూ. దాన్ని కాస్త ఇలా పిండారంటే నేను పొయ్యి మీద ఎసరు పెట్టుకుంటాను."

హైమవతి మాత్రం లోపలికెళ్ళి, బోరింగు నీళ్ళు గ్లాసుతో తెచ్చిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి ముఖం వికారంగా పెట్టారు.

"వీటితోనేనండీ పిన్నిగారు పప్పు ఉడకబెడుతున్నది" అంది హైమవతి. ఆయన గ్లాసు కిందపెట్టేశారు.

వీధిలో జీపు హారను వినిపించింది. ఆయన ఒంటికాలి చెప్పుతోనే పరిగెత్తారు. "నేను వెళ్ళేలోపు మీరు ప్రయత్నిస్తూ ఉండండమ్మా!" అని అరిచారు వెళుతూ వెళుతూ.

పెద్దలమాట కాబట్టి హైమవతి ప్రయత్నిస్తూనే ఉంది. ఆగిపోయినప్పుడల్లా మళ్ళీ తిప్పింది. కూర తరుగుతూ ఒకసారి, బియ్యం ఏరుతూ ఒకసారి. చివరికి అవతల ఎవరో ఫోను ఎత్తారు. చరిత్రలో మొదటిసారి నాలుగో శ్రేణి ఫోను ఎత్తారు.

"హలో!" అంది ఆయాసపడుతున్న గొంతు. పరాంకుశంగారిదే.

"నేనేనండీ. చేరారా?"

*

పరాంకుశంగారు ఆవేశంలో చేసిన మొదటి పని తన లైను మూయించడం. రెండోది, విచారణ పూర్తయ్యేదాకా ఊళ్ళో అన్ని వాల్వులూ మూసెయ్యమనడం. సమస్య ఎక్కడుందో తెలియనప్పుడు నీళ్ళు వదలడం శాస్త్రీయం కాదు కదా! ఇన్నాళ్ళూ కొండవీధికి రానివి ఇప్పుడు ఏ వీధికీ రావడం లేదు. సూరమ్మగారు లెక్చరర్లకి సోమవారం నుంచి మెస్సు లేదని చెప్పేసి, పెద్ద గిన్నెలు తోమించి అటక మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది.

విచారణ మధ్యలో ఒక పిడుగు పడింది. ఒకరోజు కలెక్టరమ్మ ఏదో ఊరు తనిఖీకి వెళుతూ, దారిలో ఒక కిరాణాకొట్టు నుంచి నీళ్ళాఫీసుకి ఫోను చేసిందట. తెర మీద కిరాణాకొట్టు పేరు పడింది. మూడో శ్రేణి. గుర్తించి వదిలేశారు. మళ్ళీ చేసింది. మళ్ళీ గుర్తించి వదిలేశారు.

ఆ సంగతి తెలిసిన రోజు పరాంకుశంగారు అన్నం తినలేదు. మర్నాటికి విచారణ తేలిపోయింది. చిదంబరరావు కొత్త సర్క్యులర్ ఇంటికి తెచ్చి చదివాడు.

"యంత్రమునందు ఏ లోపమును లేదు. యంత్రము గుర్తించుటలో తన ధర్మమును నిర్వర్తించినది. గుర్తించిన దానిని సిబ్బంది చూచుటయే సమస్యకు మూలము. కావున నేటినుండి తెరకు తెర వేయబడును."

"అంటే?"

"మొఖమల్ గుడ్డతో కుట్టించాం. టెండరు పిలిచి. మెరూన్ రంగు, బంగారు అంచు. కంప్యూటరు లోపల్లోపల గుర్తిస్తూనే ఉంటుంది. మనం చూడం. ఎవరిదో తెలియదు కాబట్టి ప్రతి ఫోనూ ఒకటో శ్రేణి కిందే లెక్క. లేచి నిలబడి ఎత్తాలి, చెప్పింది విని చేతో రాసుకోవాలి. చీటీల ప్రింటరు కూడా ఆపేశారు." చిదంబరరావు గొంతు తగ్గించాడు. "దీన్ని సర్వసమాన స్పందన విధానమంటారు. దేశంలో ఇదే మొదటిసారట. అవార్డు ఖాయం."

రేపు ప్రారంభోత్సవమనీ, తెరకి హారతివ్వడానికి ముత్తయిదువలు కావాలనీ చెప్పాడు. హైమవతి తనకి పనుందంది.

ఆ పని ఆమె హారతి అయిపోయే వేళదాకా ఆగి చేసింది. ఇంట్లో ఎవరూ లేరు. గోడ అవతల సూరమ్మగారు ఇత్తడి డేగిసా అటకకి అందించడానికి ఎవరినో కేకేస్తోంది. హైమవతి చెయ్యి తుడుచుకుని నంబరు తిప్పింది.

ఒకసారి మోగీ మోగకముందే ఎత్తారు. అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"నమస్కారమండీ! నీళ్ళాఫీసు!"

ఆ గొంతు చిదంబరరావుది. హైమవతి ఒక్క క్షణం ఊరుకుంది. పాతికేళ్ళ కాపురం ఆ క్షణంలో కళ్ళముందు తిరిగింది. పెట్టేద్దామా అనుకుంది. గోడ అవతల డేగిసా అటకకి తగిలి ఖంగుమంది.

ఆమె గొంతు సవరించుకుంది.

"అమ్మా! తమరా అమ్మా!"

"కొండవీధి" అంది హైమవతి. "మిట్ట మీద. నీళ్ళు."

"చిత్తమమ్మా! ఇప్పుడే! నేనే స్వయంగా వెళ్ళి తిప్పిస్తానమ్మా!"

ఫోను పెట్టేసి ఆమె వంటింట్లోకి వెళ్ళింది. సాయంత్రానికి సూరమ్మగారి కుళాయి దగ్గింది, తుమ్మింది. తర్వాత కాసేపటికి గోడ అవతల నుంచి "ఒసే హైమా! డేగిసా దింపించాలే!" అన్న కేక వినపడింది.

రాత్రి చిదంబరరావు కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. ముఖం వెలిగిపోతోంది. సూరమ్మగారు పంపిన ముద్దపప్పులో నెయ్యి వేసుకుని కలుపుతూ, "తెలుసా, ఇవాళ కలెక్టరమ్మ సాక్షాత్తూ నాతో మాట్లాడింది! మన వీధి గురించే! ఎలా తెలిసిందో ఏమో, ఎంత శ్రద్ధ చూడు" అన్నాడు.

"అలాగా" అంది హైమవతి వడియాలు వడ్డిస్తూ.

"ఏం హుందాతనం! మూడే మూడు ముక్కలు. ఒక్క పొల్లు మాట లేదు. వింటూంటే ఒళ్ళు గగుర్పొడిచింది." ఆయన ముద్ద చేసి ఎత్తి, భార్య వంక జాలిగా చూశాడు. "నువ్వూ ఉన్నావు. ఒక్కనాడైనా అలా మాట్లాడావా?"

హైమవతి వడియాల గిన్నె కింద పెట్టింది. ఒక్క క్షణం ఊరుకుని, మెల్లిగా గొంతు సవరించుకుంది.

చిదంబరరావు ముద్ద చేతిలో పట్టుకునే, ఎందుకో తనకే తెలియకుండా, పీట మీంచి లేచి నిలబడ్డాడు.